కొత్తరోడ్డు కూడలి

మన గుడారిలో ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు పేరు వినని ఇల్లు అరుదు. వంశధార గట్టున పెరిగి, పదవ తరగతి ముగించి, పనికో చదువుకో విశాఖపట్టణము పోయిన పిల్లవాడు ఇంటికి చేయు మొదటి ఫోనులో ఆ పేరు చెప్పును. వైద్యమునకై పోయివచ్చిన పెద్దలు అరుగుపై కూర్చుండి, "కొత్తరోడ్డుకాడ దిగినాము" అనియే కథ మొదలుపెట్టుదురు. ఇందరి నోట నానుచున్న చోటును గూర్చి మన పత్రికలో ఇంతవరకు ఒక పుటయైనను రాలేదు. ఆలయములను గూర్చియు నదులను గూర్చియు ఏటేట వ్యాసములు వచ్చుచున్నవి, అవి రావలసినవే. కాని నాలుగు రోడ్లు కలియు తావు వ్యాసమునకు తగిన విషయము కాదని ఎవరైన తలచినచో మేము సమ్మతింపము. కోటలు చూడబోవువారు పదిమందియైనచో, కూడలిలో దిగి దిక్కులు చూచువారు వేయిమంది. ఆ వేయిమందిలో మన ఊరివారును కలరు గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

విశాఖపట్టణము మనకు పరదేశము కాదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడుటకు ముందు గుణుపురము తాలూకా విశాఖపట్టణము జిల్లాలోనిదే. అటుపిమ్మట మనము కోరాపుట్ జిల్లావారమైతిమి. 1992 అక్టోబరు 2వ తేదీన ఆ జిల్లా నాలుగుగా విడిపోగా రాయగడ జిల్లావారమైతిమి. పటములో గీతలు ఇన్నిమార్లు మారినను, రోగము ముదిరినపుడు మనవారు పోవు దారి మాత్రము మారలేదు. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి 1923లో వెలసినది. మన తాతల కాలమున గుణుపురము తాలూకాకును ఆ ఆసుపత్రికిని జిల్లా ఒక్కటే. నేడు మనకును దానికిని నడుమ రాష్ట్రపు సరిహద్దు ఉన్నదన్న సంగతి జ్వరముతో నున్న పిల్లను భుజముపై వేసికొని పోవు తల్లికి గుర్తునకు రాదు.

దారి సంగతి చెప్పెదము. మన ప్రాంతమునకు రైలు గుణుపురము వరకే వచ్చినది. పర్లాకిమిడి మహారాజావారు నౌపడనుండి తమ పట్టణమునకు 1900లో వేయించిన సన్నపట్టాల బండిని 1931లో గుణుపురమునకు పొడిగించిరి. రెండడుగుల ఆరంగుళముల ఎడముగల ఆ పట్టాలమీద బండి ఎంత నెమ్మదిగా నడచెడిదో నేటి బాలురకు చెప్పినను నమ్మరు. 2004లో దానిని ఆపి, పట్టాలను వెడల్పు చేసి, 2011లో మరల తెరచిరి. ఇప్పుడు గుణుపురములో ఎక్కినవారు బండి మారకుండ విశాఖకు పోవచ్చును. అయితే ఆ బండి ముందు తూర్పునకు పోయి, పర్లాకిమిడి, పాతపట్నము, టెక్కలి మీదుగా నౌపడ చేరి, అక్కడనుండి దక్షిణమునకు తిరిగి ఆమదాలవలస, విజయనగరము మీదుగా వచ్చును. ముక్కు ఎక్కడనగా తల చుట్టును చేయి త్రిప్పి చూపినట్లుండును ఈ ప్రయాణము. తొందరగలవారు రాయగడకో తేరుబళికో పోయి అచ్చట బండి ఎక్కుదురు. ఆ దారియు విజయనగరముననే మొదటి దారిలో కలియును.

పర్లాకిమిడి స్టేషనులో బండి ఆగినపుడు మేము మాత్రము ఒక క్షణము లేచి నిలుచుందుము. సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా నుండిన ఊరది. వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుడు మేమిపుడు వ్రాయుచున్న ఈ "యున్నది, చున్నది" భాషను చూచినచో చేతికఱ్ఱ ఎత్తియుండెడివారు. పండిత శిక్షణలో అలవడిన చేయి, ఏమి చేయుదుము!

విజయనగరము దాటిన పిమ్మట కొత్తవలస, పెందుర్తి వచ్చును. తరువాతిది సింహాచలము స్టేషను. కొత్తరోడ్డునకు పోవువారు బండి ఆగినచో ఇక్కడనే దిగుట మేలు. ఇక్కడ ఒక హెచ్చరిక. స్టేషను పేరు సింహాచలమైనను, అప్పన్నస్వామి కొండ ఆ స్టేషను ప్రక్కన లేదు. కొన్ని మైళ్లు పోవలెను. స్టేషను ఉన్న ఊరు గోపాలపట్టణము. దిగినవారు కొండకై వెదకక, పెద్దరోడ్డునకు నడచివచ్చి, మనిషికింత అని ఎక్కించుకొను ఆటోలో కూర్చున్నచో కొద్ది నిమిషములలో కొత్తరోడ్డు చేరుదురు.

ఇరువది సంవత్సరములకు పూర్వము మేము తెలుగు పండిత శిక్షణకై ఆంధ్రదేశమున నున్నపుడు ఈ గోపాలపట్టణముననే ఒక గది అద్దెకు తీసికొని యుంటిమి. కిరాయి తక్కువ, నీరు పుష్కలము, నగరమునకు బస్సులు వెంటవెంట నుండెడివి. ఆదివారము సాయంకాలము కొత్తరోడ్డువరకు నడచిపోవుట మాకు వినోదము. ఆ రోజులలో అది నేలమట్టపు కూడలి. నైరృతినుండి గాజువాక, విమానాశ్రయము మీదుగా వచ్చు జాతీయ రహదారి ఒకటి. వాయవ్యమున పెందుర్తి, గోపాలపట్టణముల నుండి వచ్చు రోడ్డు ఒకటి. నగరము వైపునకు పోవునవి రెండు. ఓడరేవునకు పోవు లారీలు, ఉక్కు కర్మాగారపు బస్సులు, విమానమునకు వేళయైనదని హారను మ్రోగించు కార్లు, వీటి నడుమ తలపై బుట్టతో రోడ్డు దాటు కూరలమ్మి, అన్నియు ఒక్కచోట చిక్కుపడెడివి. గంటసేపు కదలని సందర్భములు మేము చూచితిమి. కాని ఆ చిక్కులోనే ఒక సౌకర్యము కలదు. బస్సు ఎట్లును ఆగవలసినదే గనుక ఎక్కదలచినవాడు ఎక్కెడివాడు, దిగదలచినవాడు దిగెడివాడు, వేరుసెనగకాయల పొట్లము కిటికీలోనుండి చేతికి వచ్చెడిది.

ఎన్.ఏ.డి. యనగా నేవల్ ఆర్మమెంట్ డిపో, అనగా నౌకాదళపు ఆయుధాగారము. దాని పేరనే కూడలికి ఆ మూడక్షరములు వచ్చినవి. "కొత్తరోడ్డు" అను రెండవ సగము జనుల నోట పుట్టినది. ఆ కొత్త ఎప్పుడో పాతబడినది; పేరు మాత్రము మిగిలినది. ఆటోవాడు మూడక్షరములను వదలి "కొత్తరోడ్డు, కొత్తరోడ్డు" అని కేకవేయును. బస్సువాడు కొత్తరోడ్డును వదలి "ఎన్నేడీ, ఎన్నేడీ" అనును. రెండును ఒక్కటే. ఈ సంగతి తెలియక మన ఊరి పిల్లవాడొకడు ఎన్.ఏ.డి.లో నిలువబడి కొత్తరోడ్డునకు దారి అడిగెనట. అడిగించుకొన్నవాడు నవ్వక, "నువ్వు నిలబడ్డదే బాబూ" అని చెప్పి వెళ్లెనట. మంచివాడు.

2020వ సంవత్సర ప్రాంతమున ఈ కూడలి రూపు మారినది. విశాఖపట్టణ మహానగర ప్రాంతాభివృద్ధి సంస్థవారు స్తంభములమీద గుండ్రని వంతెన నొకదానిని కట్టించి, దానికి నలువైపుల రోడ్లను ఎక్కించిరి. మీరు క్రిందనుండి తలయెత్తి చూచినచో ఆకాశమున ఒక బండిచక్రమును పరుండబెట్టినట్లు కనబడును. రోడ్లు ఒకదానినొకటి నేలపై ఖండింపక మీదుగాను క్రిందుగాను పోవునట్లు చేయు ఈ విద్య అమెరికాలో పెరిగినది. 1916లో ఆర్థర్ హేల్ అను ఇంజనీరు నాలుగాకుల ఆకారము గల కూడలికి పేటెంటు పొందెను. 1929లో న్యూజెర్సీలోని వుడ్‌బ్రిడ్జి యొద్ద అట్టిది నిర్మింపబడినది. ఇంగ్లాండులోని బర్మింగ్‌హాము నగరము చెంత 1972లో తెరచిన కూడలికి ప్రజలు స్పగెట్టి అను సేమియా వంటకము పేరు పెట్టిరి. చెన్నపట్టణమున కత్తిపార కూడలి ఇట్టిదే. కొత్తరోడ్డునందలిది వీటియంత పెద్దది కాదు, ఆకారమును వేరు. ఉద్దేశము మాత్రము ఒక్కటే. ఏ బండియు ఆగకూడదు.

ఆగకూడదన్నది బండి గలవాని కోరిక. బండి లేనివానికి కావలసినది బండి ఆగుట. పైచక్రమున తిరుగు కారువానికి కొత్తరోడ్డు అర నిమిషపు మలుపు. అతడక్కడ ఏమియు చూడడు. మన గుడారివానికి కొత్తరోడ్డు అనగా ఆ వంతెన క్రింది నేల. కనుక ఈ వ్యాసములో మేము చెప్పు గుర్తులన్నియు క్రింది కొత్తరోడ్డువి.

వంతెన కట్టిన తరువాత అందరకును మొదట తోచినది దుకాణములు పోవునని. పోలేదు. స్తంభముల నీడకు చేరినవి. వేసవిలో విశాఖ ఎండ ఎట్టిదో, అందు సముద్రపు ఉక్క ఎట్టిదో ఎరిగినవారికి ఆ నీడ విలువ తెలియును. చెఱకురసపు యంత్రము, ఇడ్లీబండి, బొబ్బాసికాయలు కోసి ఇచ్చువాడు, సెల్లుఫోను కవర్ల చాప, తాళముచెవులు చేయువాడు, ఒక్కొక్కడు తన నీడముక్కను పట్టుకొని కూర్చుండును; పొద్దు తిరిగినకొలదియు బండ్లును జరుగుచుండును. ఇడ్లీబండి గుర్తుగా చెప్పి పంపినచో మధ్యాహ్నమునకు అది వేరొక స్తంభము క్రింద నుండును. ఆటోలు ఏ దిక్కునకు పోవునవి ఆ దిక్కు మొగమున నిలుచును. హైదరాబాదు పోవు ప్రైవేటు బస్సులు చీకటిపడిన వేళ ఇక్కడ ఆగి జనమును ఎక్కించుకొనును. ఆ సమయమున సంచులపై కూర్చున్న యువకులలో ఒడియా మాటలును సవర మాటలును వినబడుట మేము ఎరుగుదుము. వారిని చూచినపుడు మన గుణుపురపు బస్సుస్టాండే ఇక్కడకు లేచివచ్చినదా అని భ్రమ కలుగును.

దాహమునకు నీరు, చేయి కడుగుకొను తావు, ఆడవారికి మరుగు, ఈ మూడింటిని గూర్చి ప్రయాణికుడు ముందుగనే ఆలోచింపవలెను. మన పెద్దలు గుడారినుండి బయలుదేరినపుడే సీసాలో నీరు నింపుకొందురు. అది మంచి అలవాటు. స్టేషనులో దిగగానే మరుగునకు పోయివచ్చి, అటుపిమ్మట ఆటో ఎక్కుట మేలని మేము అందరకును చెప్పుచుందుము. ఇంత పెద్ద వంతెనకు వచ్చిన ధనములో రవంత క్రింద నడచువారికై వెచ్చించుట అన్ని నగరములవారును నేర్చుకొనవలసియున్నదని మా అభిప్రాయము.

కొత్తరోడ్డు చుట్టునున్న పేర్లు వినుట తెలుగు ఉపాధ్యాయునకు పండుగ. తూర్పున మర్రిపాలెము. అవతల కంచరపాలెము. ఇంకను పోయినచో తాటిచెట్లపాలెము. దానికావల మద్దిలపాలెము. మర్రి, తాడి, మద్ది! నగరము తన చెట్లను ఎన్నడో నరికికొన్నది, పేర్లను నరుకలేకపోయినది. మర్రిపాలెమున మఱ్ఱినీడ బదులు రైలు ఇంజనుల శాల ఉన్నది. కంచరి యనగా కంచు పనిచేయువాడు. ఆ పాలెము పేరు ఇంటిచిరునామాగా పెట్టుకొని 2018లో ఒక చలనచిత్రమే వచ్చి దేశమంతట పేరుపొందినది. "పాలెము" అను మాట విన్నపుడెల్ల మాకు మన వైపు "గుడ" జ్ఞప్తికి వచ్చును. మునిగుడ, రమణగుడ అని మనమనుట, ఆంధ్రదేశపు మన్యమున "గూడెము" అనుట, ఈ రెండును చుట్టములని చెవికే తెలియును. ఈ ముచ్చట తరగతిలో చెప్పినపుడు ఒక బాలిక, "అలాగైతే మన గుడారి గుడారమా మాస్టారూ?" అని అడిగినది. ఊరంతయు ఒక్క గుడారము క్రింద పట్టియుండిన కాలమున పెట్టిన పేరేమో అని అందరము నవ్వుకొంటిమి. ఇది శాస్త్రము కాదు, నవ్వు మాత్రమే.

గోపాలపట్టణమునకు చేరువనే వేంకటాపురమున్నది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున అచ్చటి రసాయన కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడి పండ్రెండుగురు మరణించిరి. నిదురలో నున్న ఊళ్లు ఊళ్లే పరుగెత్తినవి. అక్కడ పనిలోనున్న మన పిల్లల క్షేమము తెలియువరకు గుడారిలో ఆనాడు పలు ఇండ్ల పొయ్యి వెలుగలేదు. దూరపు ఊరి పేరు మన ఊరి గుండెలో ఎట్లు నాటుకొనునో ఆనాడు చూచితిమి.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతి.

మా వీథిలో ఒక వృద్ధురాలు ఉండెడిది. వీథియంతయు ఆమెను పెద్దమ్మ యని పిలిచెడిది. చదువు రాదు. కొడుకు దూరదేశమున కూలిపనిలో నుండెను. ఆమెకు గొంతులో పుండు లేచి, అది మానక, కడకు విశాఖకు పోవలసి వచ్చెను. గాజువాకకు ఆవల అగనంపూడిలో టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా కేన్సరు ఆసుపత్రి కలదు. మన జిల్లావారు పలువురు అచ్చటికే పోవుచుందురు. దారి యేమనగా, సింహాచలము స్టేషనులో దిగి, కొత్తరోడ్డు చేరి, అక్కడ గాజువాక, కూర్మన్నపాలెము మీదుగా పోవు బస్సు ఎక్కవలెను.

మొదటిసారి ఆమెను తోడ్కొని పోయినవాడు పెద్ద మనుమడు. తెలివిగలవాడు, పట్టణములో ఇంగ్లీషు మాధ్యమమున చదివినవాడు. తెలుగు మాటలాడును, చదువలేడు. ఆంధ్రదేశపు నగరబస్సుల నుదుట ఊరి పేర్లు తెలుగక్షరములలో నుండును. అతడు అడిగి అడిగి, ఎవరో వేలుచూపిన బస్సు ఎక్కించెను. అది నగరములోనికి పోవు బస్సు. తెలిసికొని దిగి, మరల వెనుకకు వచ్చి, అగనంపూడి చేరుసరికి ఆనాటి వైద్యుల వేళ దాటిపోయెను. ఆ రాత్రి బయట పరుండి, మరునాడు చూపించుకొని వచ్చిరి. ఇందు ఎవరి దోషమును లేదు. కాని గొంతుపుండుతో నున్న ముసలమ్మకు ఒక రాత్రి ఎంత పొడవో ఊహింపుడు.

రెండవసారి మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న చిన్న మనుమడు పోయెను. బస్సుల నుదుటిరాత చదివెను, ఎక్కించెను, దించెను. అంతే. గొప్ప యేమియు లేదు. తెలుగు చదివినందువలన ఆ కుటుంబమునకు ఉద్యోగము రాలేదు, ధనము రాలేదు. ఒక దినము మిగిలినది. పెద్దమ్మ తిరిగివచ్చి మా ఇంటి గుమ్మమున నిలిచి, "మాస్టారూ, మీ అచ్చరాలు నన్ను బస్సెక్కించినాయి" అనెను. మాకు ఇంతవరకు కలిగిన సన్మానములలో అది పెద్దది.

తరువాతి ప్రయాణములలో ఆ బాలుడు ఒక సగము నోటుపుస్తకమున దారిగుర్తులు వ్రాసికొనసాగెను. పెద్దమ్మ చెప్పినవి, తాను చూచినవి కలిపి వ్రాసెను. మేము దానిని చూచితిమి. బాలుని గుర్తులు అక్షరములు: ఫలానా పలక, ఫలానా దుకాణపు పేరు, బస్సు నుదుటి మాట. పెద్దమ్మ గుర్తులు వేరు: "బజ్జీల నూనె వాసన వచ్చినకాడ రోడ్డు దాటవద్దు." "వంతెన చల్లన తగిలినాక కుడిచేతికి తిరుగు." "విమానము నెత్తిమీద గరగరలాడితే మన బస్సు సరైన దారిని పోతున్నట్టు." విమానాశ్రయము ఆ దారిలోనే యున్నది గనుక ఈ చివరిమాట అక్షరాల నిజము. పలకలు చదివినవాడు చేయలేని పని ఒకటి ఆమె చేసినది. కన్ను మూసికొనియు కూడలిని గుర్తించినది. ఇద్దరి గుర్తులును ప్రక్కప్రక్కన ఉండుటచే ఆ పుస్తకము చదువు వచ్చినవానికిని రానివానికిని పనికివచ్చునదయ్యెను.

పెద్దమ్మ ఎనిమిది పర్యాయములు పోయివచ్చినది. నిరుడు మాఘమాసమున కన్నుమూసినది. పుస్తకము మిగిలినది. ఇప్పుడు వైద్యమునకు పోవు ఇండ్లవారు దానిని ఎరవు తీసికొని పోవుచున్నారు.

ఈ నడుమ తలిదండ్రులు మమ్ము తరచుగా ఒక ప్రశ్న అడుగుచున్నారు. "ఒడిశాలో ఉండి పిల్లవానికి తెలుగు మాధ్యమమెందుకు?" అడుగుట న్యాయమే. మేము ఈ పాఠశాలలో చేరిననాడు ఒక్కొక్క తరగతికి రెండేసి విభాగములుండెడివి, నేడు ఒక్కొక్కటియే. రాయగడలో కలెక్టరు కచేరికి పోయినచో దరఖాస్తు ఒడియాలో కావలెను. పోటీపరీక్షకు ఇంగ్లీషు కావలెను. ఒడియా రానివాడు ఈ జిల్లాలో ఎంత ఇబ్బంది పడునో, పెద్ద మనుమడు కొత్తరోడ్డున అంత ఇబ్బంది పడెను; ఇబ్బంది ఒక్కటే, దిక్కు మారినది. కనుక తెలుగు ఒక్కటే చాలునని మేము ఎన్నడును చెప్పలేదు. మా తరగతిలో ఒడియా చక్కగా వ్రాయు విద్యార్థిని మేము మరింత ప్రేమింతుము. కాని సరిహద్దు మీద పుట్టినవానికి రెండు వైపుల పలకలును చదువగల కన్ను కావలెను. ఒక కన్ను అనవసరమని తీసివేయువారితో మాకు పేచీ.

సింహాచలము కొండపై ఆలయపు గోడలను స్తంభములను చూచినవారికి ఈ మాట వింతగా తోచదు. 13వ శతాబ్దిలో తూర్పు గాంగరాజగు నరసింహదేవుని పేర ఆ కట్టడము ప్రసిద్ధి. కోణార్కమున సూర్యాలయము కట్టించినవాడును ఆ నరసింహదేవుడే. 1516లోను 1519లోను శ్రీకృష్ణదేవరాయలు వచ్చి శాసనములు వేయించెను. అచ్చటి వందలకొలది శాసనములలో తెలుగువి ఎక్కువ. సంస్కృతమును, ఒడియాయు, తమిళమును కలవు. ఒక్క గోడమీద రెండు లిపులు కలహింపక ఇన్ని శతాబ్దములు నిలిచియున్నవి. కొత్తరోడ్డునుండి ఒక పూటలో పోయిరావచ్చును. అక్కడవరకు పోయిన విద్యార్థులు చందనపు ప్రసాదముతో సరిపుచ్చుకొనక, ఆ అక్షరములను కూడ చూచి రావలెనని మా కోరిక.

మనవారి దారులు మరల మారనున్నవి. గుణుపురమునుండి తేరుబళివరకు 73.62 కిలోమీటర్ల క్రొత్త రైలుదారికి కేంద్ర మంత్రివర్గ సంఘము 2024 ఆగస్టులో సమ్మతి తెలిపినది. అది నడచిన దినమున నౌపడ చుట్టు తిరుగు అవసరము పలువురకు తప్పును. రాయపూరునుండి నవరంగపూర్, కోరాపుట్ జిల్లాల మీదుగా విశాఖకు 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి చేపట్టబడినది. అది సబ్బవరము యొద్ద ముగియును. నిర్ణీతస్థలములందు తప్ప దానిపైకి ఎక్కుటకుగాని దిగుటకుగాని వీలులేదు. నడిచిపోవు మనిషికి అందు చోటు లేదు, ఎడ్లబండికి లేదు. అట్టి రహదారికి ఎక్కుదిగు తావులే ఊళ్లగును. ఆ తావుల చుట్టు ఏ ఇడ్లీబండి నిలుచునో, ఏ నీడ దొరకునో, ఏ పేరు జనుల నోట పుట్టునో ఇంజనీర్ల పటములో ఉండదు. అది పోయి దిగినవారు కనిపెట్టవలసినది.

పెద్దమ్మ మనుమని నోటుపుస్తకమును గూర్చి మరియొక మాట. గత మాసమున మా పొరుగు వీథి ఒడియా కుటుంబమువారికి అది కావలసివచ్చెను. ఆ ఇంట తెలుగు చదువువారు లేరు. మన బాలుడు రెండు సాయంకాలములు కూర్చుండి దానిని ఒడియా లిపిలో ఎక్కించి ఇచ్చెను. గుర్తుల అర్థము ఒడియాలో వ్రాసి, బస్సుపై కనబడు పేర్లను మాత్రము తెలుగక్షరములలో పెద్దవిగా బొమ్మవలె గీసి, ప్రక్కన ఒడియాలో ఉచ్చారణ చేర్చెను. "గాజువాక" లోని "జు" వంపు సరిగా రాలేదని మేము దిద్దితిమి. తెలుగు ప్రతి ఇప్పుడు మన గ్రంథాలయపు బల్లమీద నున్నది. ఈ సెలవులలో విశాఖకు పోవు విద్యార్థులు దానిని చూచి పోవలెను. బజ్జీలబండి చోటు మారినదని ఇదివరకే ఇద్దరు చెప్పిరి. ఇంకను మారినవేవైన నున్నచో వచ్చిన వెంటనే పెన్సిలుతో అందు వ్రాయవలెను.